మూన్‌లేక్ ఇంటిపేరు

సెయింట్ పాల్, మిన్నెసోటా
1997 నవంబరు 9

చెల్లీ జువాకు,

అక్క బ్లియా చెప్పి రాయిస్తున్నది. నీ మోకాలు ఎలా ఉంది? నువ్వు పంపిన ఎండు మిరపకాయలు అందాయి. పోస్టాఫీసులో ఎవరో సంచీ విప్పి చూసి గట్టిగా తుమ్మి ఉంటారు. మూట మళ్ళీ కట్టిన తీరులోనే ఆ కంగారు కనిపిస్తోంది.

రాసేది చెర్‌పావ్ మాస్టారు. శరణార్థుల శిబిరంలో పిల్లలకు అక్షరాలు నేర్పినాయన, ఇప్పుడు మా దుకాణం పైన గదిలో ఉంటున్నాడు. నేను అన్నది అన్నట్టు రాయమన్నాను. "తిట్లు కూడానా?" అని అడిగాడు. తిట్లు ముందు రాయమన్నాను.

యుద్ధం నుంచి పారిపోతూ నది దాటిన రోజున విడిపోయి, ఇరవై ఒక్కేళ్ళకు నిరుడే నాకు దొరికావు. అందుకని నా సంగతులు చాలా నీకు తెలియవు. ఆరేళ్ళ కిందట మేము మూన్‌లేక్ డోనట్ వాళ్ళ పేరు పెట్టుకున్నాం. వాళ్ళది అరిజోనా. పేరు పెట్టుకున్న రోజున వాళ్ళ మనిషి కార్వర్ నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ్టినుంచి మీరు మా కుటుంబం" అన్నాడు. పక్కనున్న దుబాసీ దాన్ని మన మాటలో, "ఇవాళ్టినుంచి మీరు మా ఇంటిపేరువాళ్ళు" అని చెప్పాడు. నేను నమ్మాను. నమ్మి, కొత్త ఇంట్లో అడుగుపెట్టిన మనిషి చెయ్యాల్సిందే చేశాను. వాకిలికి ఎదురుగోడ మీద ఇల్లు కాచే సూకాను నిలిపాను. అమ్మ నిలిపినట్టే బంగారు కాగితం, వెండి కాగితం, పుంజు మెడ ఈకలు మూడు. ఇల్లు వాళ్ళది కూడా కదా అని బంగారు కాగితాన్ని వాళ్ళ బోర్డు మీది చంద్రుడి ఆకారంలో కత్తిరించాను. వాళ్ళ చంద్రుడికి పుంజు రక్తం అద్ది, ఈకలు అంటించి, గుడ్డూ అన్నమూ పెట్టి పిలిచాను. ఏటా కొత్త సంవత్సరానికి మళ్ళీ కొత్తది.

ఈ ఆరేళ్ళలో వాళ్ళ తరఫున తనిఖీకి వచ్చినవాళ్ళందరూ ఆ గోడ చూశారు. "బాగుందండీ" అనేవాళ్ళు, కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు. ఈ నెల మూడున కాగితం వచ్చింది. కంపెనీ గుర్తును జంతువుల ఈకలతో, నెత్తురుతో పాడు చేశామట. తొంభై రోజుల్లో పేరు దించి, వాళ్ళు నేర్పిన వంట మానేసి, తాళాలు ఇచ్చి పొమ్మన్నారు. కాదంటే అరిజోనా వచ్చి అక్కడి కోర్టులో చెప్పుకోవాలట.

పాడు చేశానట. నేను, వాళ్ళ చంద్రుడిని.

ఆ రోజు కలలో చంద్రుడు మా వంటగదిలో పిండి బల్లమీద కూర్చున్నాడు. ఒళ్ళంతా పిండి. కాళ్ళకు చెప్పులు లేవు. "ముసలమ్మా, నన్ను ఎక్కడికి పంపిస్తున్నావు?" అని అడిగాడు. లేచి చూస్తే కిటికీ బయట తొలిమంచు పడుతోంది, చప్పుడు లేకుండా, ఎవరో పైనుంచి జల్లెడ పడుతున్నట్టు.

అక్క
బ్లియా

*

కకావ్, ఫ్రెంచ్ గయానా
1997 నవంబరు 21

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదువుతూ ఏడ్చాను.

బావగారు పోయినంత మాత్రాన షోంగ్ ఇంటిపేరు వదిలేస్తావా? అమెరికా అంటే అంతేనా? మూన్‌లేక్ అనే తెగ పేరు నేనెప్పుడూ వినలేదు. మా ఆదివారం సంతకు అన్ని ఊళ్ళవాళ్ళూ వస్తారు, వాళ్ళను కూడా అడిగాను, ఎవరూ వినలేదు. డోనట్ అంటే వాళ్ళ తాతల పేరా? నీ కొడుకు రేపు పోతే ఏ తెగ పూర్వీకుల దగ్గరికి వెళతాడు? షోంగ్ వాళ్ళు "మావాడు కాదు" అంటారు, మూన్‌లేక్ వాళ్ళు గెంటేశారు. దారిలో నిలబడిపోతాడు కదా.

నేను చర్చికి వెళ్ళేదాన్నే అయినా ఇలాంటివి మర్చిపోలేదు.

తప్పు మనదైతే తగ్గాలి అక్కా. నీకు తగ్గడం ఎప్పుడూ చేతకాదు. మీ శిబిరంలో బియ్యం కొలిచే అధికారితోనే పోట్లాడావట, ఇక్కడి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకని చిన్నదాన్ని నేనే తగ్గాను. వాళ్ళకొక ఉత్తరం రాశాను. మా చర్చి సిస్టర్ గారు మంచి ఫ్రెంచిలోకి మార్చిపెట్టారు. నువ్వు మొన్న పంపిన మెత్తటి తెల్ల కాగితాల మూలన వాళ్ళ చిరునామా అచ్చువేసి ఉంది. అవి వాళ్ళ తెగ జెండాలనుకుని గోడకు పెట్టుకున్నాను. ఇప్పుడు తీసేశాను.

ఇక్కడ వాన. రంబూటాన్ చెట్లు ఎర్రగా, నీటిలో కనిపించే దీపాల్లా ఉన్నాయి.

చెల్లెలు
జువా

*

సెయింట్ పాల్
1997 డిసెంబరు 3

జువా,

నీ ఉత్తరం మాస్టారు చదివి వినిపించాడు. నవ్వి నవ్వి ఆయనకు దగ్గు వచ్చింది, నీళ్ళిచ్చాను. తరువాత నాకు కోపం వచ్చింది, ఆయనకు మళ్ళీ నీళ్ళివ్వలేదు.

డోనట్ ఎవరి తాతా కాదు. నడుమ చిల్లున్న తీపి రొట్టె, నూనెలో వేయిస్తారు. నువ్వు గోడకు పెట్టుకున్నవి తిన్నాక మూతి తుడుచుకునే కాగితాలు. మేము షోంగ్ వాళ్ళమే. నా కొడుకు దారిలో ఎక్కడా నిలబడడు, నిలబడితే నేను వెళ్ళి చెవి పట్టుకుని నడిపిస్తాను. మేము తీసుకున్నది దుకాణానికి పేరు మాత్రమే. వాళ్ళ పేరు, వాళ్ళ వంట, వాళ్ళ బోర్డు పెట్టుకుని దుకాణం మేము నడుపుతాం. ఇక్కడ దాన్ని ఫ్రాంచైజీ అంటారు. పొద్దున్నే పిండి పిసికే చేతులు నావీ, కోడలు పాకూవీ. ఆ ఒప్పందం కాగితం మీద ఉన్న వేలిముద్ర నాది.

ఇంటిపేరూ దుకాణం పేరూ ఒకటేనని నువ్వనుకున్నావని తిడుతున్నాను. కానీ మాస్టారూ, ఇది కూడా రాయండి: ముందు అలా అనుకున్నది నేనే.

పాకూ నన్నొక లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. పేరు ఇంగ్రిడ్ ట్వెయిట్. గుర్రమంత పొడుగు, మాట మాత్రం పిల్లి అడుగు. ఒప్పందమంతా చదివి, అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివింది.

"అమ్మా, ఇందులో వాళ్ళు చాలా రాసుకున్నారు. ఈ రాష్ట్రంలో అన్నీ చెల్లవు" అంది.

"ఏవి చెల్లవు?"

"ఊరికే పొమ్మనడానికి లేదు. సరైన కారణం ఉండాలి, అది రాసి ఇవ్వాలి, తొంభై రోజులు ఆగాలి. అందులో మొదటి అరవై రోజులు మీవి. ఈలోగా తప్పు దిద్దుకుంటే ఆ కారణం పోయినట్టే."

"మరి అరిజోనా?"

"మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. దుకాణం ఇక్కడుంది, చట్టం ఇక్కడిది. గొడవ ఉంటే వాళ్ళే ఇక్కడికి రావాలి. ఇలాంటి కంపెనీలు పెద్దవి, దుకాణం పెట్టుకునేవాళ్ళు చిన్నవాళ్ళు. అందుకే మా రాష్ట్రం పాతికేళ్ళ కిందటే ఈ చట్టం చేసింది."

ఆమె ఎదుట ఒప్పుకోలేదు కాని జువా, నాకు ఒళ్ళు ఝల్లుమంది. మనల్ని ఎరగని వాళ్ళెవరో, మనం ఇంకా నదికి అవతలే ఉన్నప్పుడు, నా కోసం ఒక మాట రాసి పెట్టి ఉంచారు. ఎవరో మనం రాకముందే పక్క వేసి ఉంచినట్టు.

తరువాత ఆమె, "ఆ చంద్రుడిని తీసేయండి, సగం గొడవ ఇవాళే పోతుంది" అంది. పాకూ కూడా, "అవును అత్తయ్యా, నిచ్చెన తెస్తాను" అంది.

తియ్యనన్నాను. పిలిచి, కూర్చోబెట్టి, అన్నం పెట్టిన దాన్ని గోరుతో గీకి చెత్తబుట్టలో వేస్తారా? దానికి ఎక్కడికి పోవాలో తెలియదు. తెలియనిది మా మీదే పడుతుంది. అదీ కాక, నన్ను తియ్యమని అడిగిందెవరు? కాగితం మీద ఒక్క ప్రశ్న లేదు. అన్నీ ఆజ్ఞలే. మాస్టారు వెతికాడు.

రోడ్డుకు అవతల కొత్త ఆసుపత్రి లేస్తోంది, బేరాలు పెరుగుతాయి. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. మేము పోతే ఈ మూల వాళ్ళే నడుపుకుంటారని లాయరమ్మ అనుమానం.

అరవయ్యో రోజు జనవరి రెండు. మంచులో దుకాణం దీపం పసుపుపచ్చగా కరుగుతూ కనిపిస్తుంది. పొగ, పిండి వాసన. మా ఆయన గుమ్మంలో నిలబడి చేతులు రుద్దుకుంటున్నట్టే ఉంటుంది. ఆ దీపం ఆర్పితే ఆయన ఎక్కడికి వస్తాడు?

ఇంతకీ ఆ ఉత్తరం ఎవరికి రాశావు? ఏం రాశావు?

అక్క

*

కకావ్
1997 డిసెంబరు 12

అక్కా,

డోనట్ తాత కానందుకు సంతోషం. సిస్టర్ గారు దాని బొమ్మ గీసి చూపించారు. చక్రంలా ఉంది.

నేను రాసింది ఆ అరిజోనా వాళ్ళకే. మంచి మాటలే రాశాను, భయపడకు. "మా అక్క వయసులో పెద్దది, నోరు కాస్త చెడ్డది, మనసు మంచిది. ఆమె తరఫున తప్పు ఒప్పుకుంటున్నాను. ఆ ఈకలు తీసేస్తుంది. మీరెక్కడికి రమ్మంటే అక్కడికి, అరిజోనాకే వస్తుంది, మీ పెద్దల ముందు మోకరిల్లి క్షమించమంటుంది. పేరు మాత్రం తీసేయకండి" అని. మన పెళ్ళివారి మధ్య గొడవలు ఇలాగే కదా సర్దేవాళ్ళు. నాన్న ఎన్నిసార్లు మోకరిల్లలేదు?

నువ్వు అంత దూరం వెళ్ళక్కర్లేదని లాయరమ్మ చెప్పిందని చదివాక కొంచెం గుబులుగా ఉంది. కానీ నా ఉత్తరం నీకు మేలే చేసి ఉంటుంది. నాకో కల వచ్చింది. నువ్వూ నేనూ నది దాటుతున్నాం, ఈసారి నీళ్ళు మోకాళ్ళ వరకే ఉన్నాయి.

జువా

*

సెయింట్ పాల్
1997 డిసెంబరు 19

జువా,

మంచి మాటలు రాశావు. అవి ఇప్పుడు కోర్టు కాగితాలలో ఉన్నాయి.

నిన్న లాయరమ్మ పిలిపించింది. బల్ల మీద నీ ఉత్తరం. నా పేరు నీ అక్షరాల్లో, కింద సిస్టర్ గారి సంతకం, చర్చి ముద్ర. కంపెనీ లాయరు దాన్ని పట్టుకుని, "చూడండి, ఆమె కుటుంబమే తప్పు ఒప్పుకుంది, అరిజోనాకు వస్తానని మాటిచ్చింది" అంటున్నాడట. అక్కడి కోర్టులో కేసు కూడా వేశారు.

నది ఒడ్డున నా కొంగు వదలొద్దని చెప్పాను నీకు. అడక్కుండా చెయ్యి వదిలేశావు. ఇప్పుడు అడక్కుండా చెయ్యి పెట్టావు. మాస్టారు ఇది రాయనంటున్నాడు. రాయండి. నా కాగితం, నా చెల్లెలు.

లాయరమ్మ మాత్రం కంగారు పడలేదు. "మీ చెల్లెలు కాదు, మీరే స్వయంగా వేలిముద్ర వేసి 'నాకీ చట్టం వద్దు, అరిజోనాకే వస్తాను' అని రాసిచ్చినా, అది చెల్లదు" అంది.

"నేనే వద్దన్నా?"

"మీరే వద్దన్నా. బెదిరించి రాయించుకోవచ్చు, మంచి మాటలతో రాయించుకోవచ్చు, భాష తెలియకపోతే ఏమిటో తెలియకుండా రాయించుకోవచ్చు. అందుకే వదులుకునే వీలే లేకుండా చేశారు."

వదులుకుందామన్నా వదలని మాట ఒకటి ఉంది లోకంలో.

అయినా జడ్జి వినాలి. లాయరమ్మ ఇక్కడ వేసిన కేసు ఈ నెల ముప్పైన సెయింట్ పాల్‌లోనే వింటారట. ఓడితే ఫిబ్రవరి మొదట్లో తాళాలు ఇచ్చెయ్యాలి. నువ్వు ఇంకెవరికీ ఏమీ రాయకు. పోపుగారికి కూడా.

బ్లియా

*

కకావ్
1997 డిసెంబరు 28

అక్కా,

ఎవరికీ రాయను. ఇది నీకు కాబట్టి రాస్తున్నాను.

కొంగు నేను వదల్లేదు. చిరిగింది. ఆ ముక్క చాలా రోజులు నా చేతిలోనే ఉంది, మా శిబిరంలో జ్వరమొచ్చినప్పుడు ఎవరో దాన్ని నా నుదుటికి తడిపి వేశారు, తరువాత ఏమైందో తెలియదు. ఇరవై రెండేళ్ళు నువ్వు అలా అనుకున్నావని నాకు తెలిస్తే ముందే చెప్పేదాన్ని. అడగలేదు నువ్వు.

నీ కోసం కొవ్వొత్తి వెలిగించాను. నీ సూకాకు కోపం రాకపోతే.

జువా

*

సెయింట్ పాల్
1998 జనవరి 1

చెల్లీ జువాకు,

నా కోపపు ఉత్తరానికి నీ జవాబు ఇంకా అందలేదు. అందేలోపే ఇది రాయిస్తున్నాను.

మొన్న కోర్టు గది చాలా వెచ్చగా ఉంది, నిద్ర వచ్చేటంత. కార్వర్ అరిజోనా నుంచి పల్చటి కోటుతో వచ్చి, మంచులో తడిసిన బూట్లతో కూర్చున్నాడు. ఎక్కడికైతే నన్ను రమ్మన్నాడో అక్కడినుంచి తనే రావలసి వచ్చింది. అది చూస్తూ ఉండడం బాగుంది, అబద్ధమెందుకు.

జడ్జి నీ ఉత్తరం సంగతి మొదట తేల్చేశాడు. ఈ రాష్ట్రంలో దుకాణం నడిపే మనిషిని ఇంకో రాష్ట్రానికి ఈడ్చే మాట ఒప్పందంలో ఉన్నా చెల్లదు, ఎవరు ఒప్పుకున్నా చెల్లదు, అన్నాడు. తరువాత నావైపు తిరిగాడు. కోర్టువారి దుబాసీ మన పిల్లే, తావ్ వాళ్ళమ్మాయి.

"అమ్మా, అరవై రోజుల్లో తప్పు దిద్దుకుంటే సరిపోతుందని మీ లాయరు చెప్పలేదా?"

"చెప్పిందయ్యా."

"ఇవాళ్టికి యాభై ఏడు రోజులైంది. మరి ఎందుకు తియ్యలేదు?"

"నన్నెవరూ అడగలేదయ్యా. పొమ్మన్నారు. ఆరేళ్ళ కిందట ఈయనే చెయ్యి పట్టుకుని 'మా కుటుంబం' అన్నాడు. కుటుంబం అనుకున్నాను కాబట్టి దేవుడిని పెట్టాను. కాదంటే కాదని ముఖం చూసి చెప్పాలి."

దుబాసీ పిల్ల అదంతా చెప్పింది. జడ్జి కార్వర్ వంక చూశాడు. అతను తన తడి బూట్లు చూసుకుని, లేచి నిలబడ్డాడు.

"అమ్మగారూ, మేము మీ కుటుంబం కాదు. అప్పుడు అలా అనడం మా అలవాటు. క్షమించండి. ఆ గుర్తును దయచేసి తీసేస్తారా?"

"తీస్తాను. రెండు గుడ్లు ఉడకాలి, అంతే ఆలస్యం."

గుడ్ల సంగతి చెప్పాలా వద్దా అని దుబాసీ పిల్ల తటపటాయించింది. చెప్పమన్నాను.

తప్పు గడువులోపే దిద్దుకుంటున్నారు కాబట్టి పొమ్మనడానికి కారణం మిగల్లేదు, ఎవరూ ఈ దుకాణం ముయ్యకూడదు, అని జడ్జి ఉత్తర్వు రాశాడు.

ఆ సాయంత్రమే పాకూ నిచ్చెన తెచ్చింది. పోయినవాళ్ళను సాగనంపే దారి పాట మగవాళ్ళు పాడేది, అందుకని నేను పాడలేదు. దారి మాత్రం చెప్పాను. మాస్టారు పటం చూసి ఊళ్ళ పేర్లు అందించాడు. రెండు గుడ్లు, ముద్ద అన్నం చంద్రుడి ముందు పెట్టి, "నాయనా, ఈ ఇల్లు నీది కాదట. నీకు కోపం వద్దు, నాకూ వద్దు. గుమ్మం దాటి దక్షిణానికి తిరుగు. అయోవాలో మొక్కజొన్న మోళ్ళ మీద మంచు ఉంటుంది, గట్ల మీదుగా నడువు. కాన్సస్‌లో గాలి ఎక్కువ, తల వంచుకో. న్యూ మెక్సికోలో నేల ఎర్రబడుతుంది, అక్కడినుంచి ఇక చలి ఉండదు, చెప్పులు లేకపోయినా పరవాలేదు. అరిజోనాలో నీలాంటి చంద్రుళ్ళు చాలామంది బోర్డుల మీద ఉంటారు. వాళ్ళలో నీ చోటు నీకు తెలుస్తుంది" అని చెప్పి, బంగారు కాగితాన్ని గోడనుంచి మెల్లగా విడదీసి మంటకిచ్చాను. ఈకలూ వెండి కాగితమూ గోడ మీదే ఉంచాను. వాటిమీద అరిజోనాకు హక్కు లేదని లాయరమ్మ ముందే చెప్పింది.

ఆ రాత్రి కలలు ఏవీ రాలేదు.

నిన్న పొద్దున దుకాణం తెరిచేసరికి కార్వర్ గుమ్మంలో ఉన్నాడు. మంచుకు విమానాలు ఆగిపోయాయట, రెండు రోజులు ఇక్కడే. కాఫీ, రెండు డోనట్లు తీసుకుని, గోడ వంక చూసి, "తీసేశారా?" అని అడిగాడు. పాకూ నా మాట చెప్పింది.

"పంపించేశాం. నీకంటే ముందే ఇల్లు చేరి ఉంటాడు."

అతను నవ్వలేదు. కిటికీ బయట కురుస్తున్న మంచును చూస్తూ, "ఏ దారిన వెళ్ళాడు?" అని అడిగాడు. మాస్టారు పటం తెచ్చి అతని ముందు పరిచాడు.

అక్క
బ్లియా